సిగ్గు

ఆకలి వేసినట్టే, చలి వేసినట్టే మనకు సిగ్గూ వేస్తుంది. వ్యాకరణం చూస్తే ఒంట్లోంచి పుట్టినదే అనిపిస్తుంది. కానీ ఎవరూ నేర్పకుండానే ఆకలి వేస్తుంది. సిగ్గు అలా కాదు.

మాట అచ్చతెలుగుదే. కన్నడ నిఘంటువుల్లోనూ ‘సిగ్గు’ ఉంది గానీ, బెంగళూరు వీధుల్లో వినబడేది ‘నాచికె’. మన ‘సిగ్గూ శరం’లోని శరం మాత్రం పారసీకం నుంచి వచ్చి జతకట్టింది. పూర్వం పసి ఆడపిల్లల మొలతాడుకు రావి ఆకు ఆకారంలో వెండి బిళ్ల కట్టేవారు. దాని పేరు సిగ్గుబిళ్ల. మాటలు రాకముందే పాఠం మొదలన్నమాట! మగపిల్లలకు ఆ బిళ్ల లేదు.

ఈ తేడాను నిలదీసినావిడ గాయని బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని అనే కవయిత్రి రాసిన ‘రాధికా సాంత్వనము’ కావ్యాన్ని 1910లో పరిష్కరించి వావిళ్లవారి చేత అచ్చువేయించారు. అందులోని శృంగారాన్ని, రాసింది స్త్రీ కావడాన్ని వీరేశలింగం పంతులు అప్పటికే తప్పుబట్టి ఉన్నారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఆవిడ పీఠికలో సూటిగా అడిగారు. వితంతు వివాహాలు జరిపించిన సంస్కర్తకూ ఈ ఒక్క చోట పెంపకం అడ్డుపడిందనే నాకనిపిస్తుంది. నాగరత్నమ్మ పెరిగింది దేవదాసీ ఇంట్లో. అక్కడ శృంగార పదం పాడడం విద్య. చివరకు ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

‘సిగ్గులేని మనిషి’ అని ఇప్పటికీ ఆడా మగా ఇద్దరినీ తిడతాం. ‘సిగ్గే సింగారం’ అని మగవాడికి చెప్పినవాళ్లు మాత్రం ఎక్కడా కనబడరు.