బంగారు పాము, ఒక రక్తపు చుక్క

1780ల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తమ్ముడి వెంట వచ్చి, ఇక్కడి పాముల మీద మనసు పడ్డాడు. ఏ పాము కరిస్తే చావొస్తుందో, ఏది కరిచినా భయం లేదో జనానికి తెలియాలన్నది ఆయన తాపత్రయం. పాములు పట్టేవాళ్లు తెచ్చిచ్చినవాటిని చూసి బొమ్మలు వేయించాడు. పక్కనే వాటి తెలుగు పేర్లు ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో రక్తపింజర పేరు ‘కాటుక రేకుల పొడ’. నలుపు, పసుపు పట్టీలున్న మరో పాము పేరు ‘బంగారు పాము’. ఆ బంగారమే 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ చేతిలో ‘బంగారస్’ అయింది. ప్రపంచంలోని కట్లపాములన్నిటికీ శాస్త్రం పెట్టుకున్న ఇంటిపేరు అలా మన తెలుగు మాట అయింది.

హత్య కేసు చెప్పబోతూ పాము దగ్గర మొదలుపెట్టడానికి కారణముంది. 1980 ప్రాంతంలో ఎడిన్‌బరోలో పనిచేస్తున్న లాల్జీ సింగ్ అనే యువ శాస్త్రవేత్త ఆ బంగారు పాము ఆడదాని డీఎన్ఏలో ఒక ముక్కను గుర్తించాడు. అందులో నాలుగక్షరాల మాట ఒకటి, జపంలా పదే పదే తిరిగొస్తుంది. ఆ ముక్కకు ‘బీకేఎం’ అని పేరు పెట్టారు. 1987లో ఆయన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు వచ్చాడు. ఏడాది తిరిగేసరికి తేలిందేమంటే, పాములో దొరికిన ఆ జపం మనిషిలోనూ ఉంది, ఎన్నిసార్లు తిరిగొస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984 సెప్టెంబరు 10న కనిపెట్టిన డీఎన్ఏ వేలిముద్రకు మన దేశపు సొంత దారి అలా పడింది. 1989లో కేరళలోని తలశ్శేరి కోర్టులో బిడ్డకు తండ్రెవరన్న వివాదాన్ని హైదరాబాదు పరీక్ష తేల్చింది. 1996లో ఈ పని కోసం సీడీఎఫ్‌డీ అనే సంస్థ హైదరాబాదులో వెలిసింది.

ఆ తర్వాతి కథ 2017 మార్చిలో, ఎనిమిది రోజుల తేడాతో రెండు చోట్ల మొదలవుతుంది.

మార్చి 23. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, బర్లింగ్టన్ కౌంటీ, మేపుల్ షేడ్ అనే చిన్న ఊరు. ప్రకాశం జిల్లా నుంచి వెళ్లి స్థిరపడిన ఒక కుటుంబం అపార్ట్‌మెంటులో ఉండేది. రాత్రి భర్త ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి భార్య, ఆరేళ్ల కొడుకు కత్తిపోట్లతో పడి ఉన్నారు. ఇద్దరి చేతుల మీదా అడ్డుకోబోయిన గాయాలున్నాయి. ఆరేళ్ల బిడ్డ చేతుల మీద కూడా.

నెల ముందే కాన్సస్‌లోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపారు. ఆ వేసవి మా సింహాచలంలో చందనోత్సవం లైనులో నిలబడితే ముందూ వెనకా ఇవే మాటలు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ ఎవరూ అడక్కుండానే, “మావోడున్నాదీ న్యూజెర్సీయే బాబూ” అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె ఏ మొక్కు తీర్చుకోవడానికి వచ్చిందో నేను అడగలేదు.

పోలీసులు అది ద్వేషంతో చేసిన హత్యలా కనిపించడం లేదన్నారు. అనుమానాలు, ఆరోపణలు ఇంటివాళ్ల చుట్టూనే తిరిగాయి. అయితే ఆ ఇంట్లో దొరికిన నెత్తుటిలో ఒక చుక్క తల్లిది కాదు, బిడ్డది కాదు, భర్తదీ కాదు. కత్తితో విరుచుకుపడినవాడి చెయ్యి కూడా తెగడం నేరస్థలాల్లో తరచూ జరిగేదే. నెత్తురంటుకున్న కత్తి పిడి జారి, వేళ్లు అంచు మీదకు పోతాయి. ఆ చుక్క ఎవరిదో తెలియలేదు. దాన్ని తీసి, ఆరబెట్టి, నంబరు వేసి దాచారు.

దర్యాప్తు ఒక మనిషి దగ్గర ఆగింది. భర్త పనిచేసే కంపెనీలోనే పని, అదే అపార్ట్‌మెంటు సముదాయంలో నడిచి వెళ్లేంత దూరంలో కాపురం. భర్తను వెంటాడుతూ ఉండేవాడని కూడా పోలీసులకు తెలిసింది. హత్యలు జరిగిన ఆరు నెలలకు అతడు ఇండియాకు తిరిగొచ్చేశాడు, అదే కంపెనీలో ఉద్యోగం కొనసాగించాడు. డీఎన్ఏ నమూనా ఇవ్వమని భారత ప్రభుత్వం ద్వారా అడిగించారు. ఇవ్వనన్నాడు. ఏళ్లు గడిచాయి.

2024లో న్యూజెర్సీ అధికారులు కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, అతడు వాడిన కంపెనీ ల్యాప్‌టాప్ తమకు పంపమన్నారు. రోజూ వేళ్లు ఆడిన మీటల మీద చర్మపు కణాలుంటాయి. బీకేఎం రోజుల్లో పరీక్షకు బాగానే నెత్తురు కావలసి వచ్చేది. పీసీఆర్ పద్ధతి వచ్చాక కంటికి కనిపించనంత కొద్దిపాటిని కూడా లక్షల నకళ్లుగా పెంచి చదవొచ్చు. ఇప్పటి పరీక్షల్లోనూ చాలా చోట్ల వెతికేది పాములో దొరికినలాంటి నాలుగక్షరాల జపాలనే. ఒక్కో చోట ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కపెడతారు. ల్యాప్‌టాప్ మీది లెక్క, ఎనిమిదేళ్లుగా కవరులో ఉన్న చుక్క లెక్క ఒకటే అయ్యాయి. 2025 నవంబరులో బర్లింగ్టన్ కౌంటీ ప్రాసిక్యూటర్ లచియా బ్రాడ్‌షా రెండు హత్యాభియోగాలు ప్రకటించారు. నిందితుణ్ణి అప్పగించమని గవర్నర్ ఫిల్ మర్ఫీ భారత రాయబారి వినయ్ క్వాత్రాను కోరారు. రెండు దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం 1997 నాటిదే. అయినా అది కాగితాల మీద, కోర్టుల మీద నడిచే పని. అభియోగం అభియోగమే, తీర్పు రావాలి. అందుకే ఇక్కడ అతడి పేరు రాయలేదు.

ఇక రెండో చోటు. మార్చి 31, ఎనిమిది రోజుల తర్వాత, హైదరాబాదు హైకోర్టు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని లేడీస్ హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. మర్నాడు రాష్ట్రమంతా అట్టుడికింది. ఎనిమిది నెలలకు పోలీసులు నందిగామ ప్రాంతపు పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చి, డీఎన్ఏ సరిపోయిందన్నారు. 2010లో విజయవాడ కోర్టు అతడికి శిక్ష వేసింది. చనిపోయిన అమ్మాయి తల్లి మాత్రం మొదటినుంచీ ఒకే మాట: ఈ అబ్బాయి కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముద్దాయి తరఫున మాట్లాడటం మన కోర్టులు తరచూ చూసే దృశ్యం కాదు. హైకోర్టు ఆ దర్యాప్తును నమ్మలేదు. నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయలు చెల్లించమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపిన ఆ కుర్రాడు 2017 ఏప్రిల్‌లో రాజమండ్రి జైలు గేటు దాటాడు.

అక్కడ ఒక చుక్క ఎనిమిదేళ్లు కవరులో. ఇక్కడ ఒక మనిషి ఎనిమిదేళ్లు జైల్లో. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు హంతకుడు ఎవరో కనుక్కోవాలని కేసు తిరగదోడితే మరో సంగతి బయటపడింది. అప్పీలు హైకోర్టులో ఉండగానే విజయవాడ కోర్టులో ఆ కేసు వస్తువులు ధ్వంసమయ్యాయి. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. హత్య మీద ఒకటి, వస్తువుల ధ్వంసం మీద ఒకటి, సీబీఐ రెండు కేసులు పెట్టుకుంది. పోల్చి చూడటానికి చేతిలో ఏమీ లేక, 2019 డిసెంబరు 14న తెనాలి శ్మశానంలో ఆ అమ్మాయి సమాధి తవ్వించారు. పన్నెండేళ్ల తర్వాత ఎముకల్లో సాక్ష్యం వెతుక్కోవలసి వచ్చింది.

డీఎన్ఏ వచ్చిందంటే కేసు తేలినట్టేనని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. డీఎన్ఏ చెప్పేది ఈ మరక ఎవరిదన్నది మాత్రమే. ఆ మరక నిజంగా ఆ గదిలోదేనా, ఎవరు తీశారు, ఏ కవరులో పెట్టారు, సీలు ఎవరు వేశారు, దారిలో ఎవరి బీరువాలో ఎన్నాళ్లుంది, ఇవన్నీ మనుషులు చెప్పాలి. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో నెత్తురంటిన బట్టను తడిగానే ప్లాస్టిక్ సంచిలో కడితే కొద్ది రోజుల్లో బూజు పట్టి, సూక్ష్మజీవులు డీఎన్ఏను తినేస్తాయి. నీడపట్టున ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. కవరుకు పది రూపాయలు కూడా కాదు. మన పోలీసు స్టేషన్లలో కేసు వస్తువులుండే గదులను చూసినవాళ్లెవరికైనా ఇది చిన్న విషయం కాదని తెలుసు.

నేర విచారణలో డీఎన్ఏ చేసిన మొట్టమొదటి పని నిర్దోషిని కాపాడటం. ఇంగ్లండులోని లెస్టర్ దగ్గర ఇద్దరు బాలికల హత్య కేసులో, పదిహేడేళ్ల కుర్రాడు ఒక హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. 1986లో జెఫ్రీస్ పరీక్ష అతడు కాదని తేల్చింది. ఆ తర్వాతే చుట్టుపక్కల వేలమంది మగవాళ్ల నెత్తురు పరీక్షించారు. వేరేవాణ్ణి తన బదులు పంపి తప్పించుకోబోయిన అసలు హంతకుడు దొరికి, 1988లో జైలుకు వెళ్లాడు. ఇబ్రహీంపట్నం కేసు నడిచిన రోజుల్లో ఈ కథను మన పత్రికలు గట్టిగా చెప్పి ఉండాల్సింది.

డీఎన్ఏ వాడకానికి చట్టం తెస్తామని పార్లమెంటులో పెట్టిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లాలంటోంది. అంతకన్నా నాకు ఆశ కలిగించింది 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తమిళనాడు కేసులో ఉరిశిక్ష పడ్డ మనిషిని విడిచిపెడుతూ, డీఎన్ఏ నమూనాలను దాచిన తీరునూ ల్యాబుకు పంపడంలో జరిగిన ఆలస్యాన్నీ కోర్టు తప్పుపట్టింది. ఇకపై నమూనా తీసిన 48 గంటల్లో ల్యాబుకు చేరాలి. కోర్టు అనుమతి లేకుండా కవరు విప్పకూడదు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు తీర్పు వచ్చేదాకా నడవాలి, విచారణ కోర్టు కేసు కాగితాల్లో భాగంగా ఉండాలి.

లాల్జీ సింగ్ 2017 డిసెంబరు 10న కన్నుమూశారు. మేపుల్ షేడ్ చుక్క అప్పటికి దాచి తొమ్మిది నెలలు కూడా కాలేదు. రాజమండ్రి నుంచి వచ్చిన కుర్రాడు నందిగామలో కొత్తగా బతుకు మొదలుపెట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు. తెనాలి సమాధి ఇంకా ఎవరూ తవ్వలేదు.