ఒక చిన్న మాత్ర వెనుక తెలుగువాని కృషి



మన ఓబులదేవరచెరువులోనైనా, మరెక్కడైనా, కీళ్ళవాతంతో బాధపడే పెద్దలకు డాక్టర్లు వ్రాసే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇదే మందును కొన్ని రకాల క్యాన్సర్లకు కూడా వాడుతారు. దీని పుట్టుకలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పాత్ర మనలో చాలామందికి తెలియదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున వారికి ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. స్ప్రూ అనే జబ్బు వారి సోదరుని బలిగొన్నది. 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. రక్తహీనతకు, స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి వారి బృందం తయారుచేసింది.

బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులిస్తే వ్యాధి మరింత ముదిరింది. అయితే దానిని అడ్డగించే మందు ఇస్తే? సుబ్బారావు గారి బృందం అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించే అమినాప్టెరిన్‌ను, తరువాత మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, కణంలోని ఒక ఎంజైమ్ గుమాస్తా వంటిది. ఫోలిక్ ఆమ్లమనే ఫైలును అది కదిలిస్తేనే కణం రెండుగా విడిపోతుంది. ఈ మందు నకిలీ ఫైలై ఆ గుమాస్తా బల్లను ఆక్రమిస్తుంది. అసలు ఫైలు ఆగిపోతుంది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకు దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఆ ఎంజైమ్ ఏదో కచ్చితంగా తేలింది మాత్రం తరువాతి సంవత్సరాలలోనే.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది, అదీ తాత్కాలికంగానే. ఆ ఆగస్టు 8న సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు. 1956లో మెథోట్రెక్సేట్‌తో గర్భసంబంధమైన ఒక క్యాన్సర్ పూర్తిగా నయమైనట్లు వెల్లడైంది. దానిని చూసే భాగ్యం వారికి లేకపోయింది.

చివరగా ఒక మనవి. కీళ్ళవాతానికి ఈ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానరాదు. దీనితోపాటు వ్రాసే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా సుబ్బారావు గారి బృందం కృషి ఫలమే. ఇంట్లోని పిల్లలు పెద్దల మందుల పెట్టెపై ఆ వారం పేరు వ్రాసి పెట్టవలసిందిగా ప్రార్థన.