కర్రసాము నుంచి కరాటే దాకా: మన యుద్ధవిద్యల కథ

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. టీ పెట్టుకుని నెమ్మదిగా చదవండి. కష్టమైన మాట వచ్చినచోట అర్థం అక్కడే చెప్తాను.

మార్కమ్‌లో మన పిల్లలకి యుద్ధవిద్యలు కొత్త కాదు. గుడిలో శ్లోకాల క్లాసు అవగానే కొందరు కరాటేకి వెళ్తారు, కొందరు తైక్వాండోకి వెళ్తారు. ఇక్కడ చైనావాళ్లు ఎక్కువ కాబట్టి కుంగ్‌ఫూ నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. ప్రసాదం తింటూ వాళ్లు వాదించుకునేది ఒకటే: ఏది గొప్ప? దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: తెలుగువాళ్లకి ఇలాంటిది ఏమీ లేదా?

దీనికి పెద్దవాళ్లు చెప్పే జవాబు మీరూ వినే ఉంటారు. "బోధిధర్ముడు మనవాడే, కుంగ్‌ఫూ మనదే." వినడానికి బాగుంటుంది, కానీ చరిత్ర అలా లేదు. బోధిధర్ముడి గురించి రాసిన పాత చైనా పుస్తకం 547 నాటిది. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన సన్యాసి. తర్వాతి పుస్తకాలు దక్షిణ భారతం నుంచి వచ్చాడని అన్నాయి. ఆ పాత పుస్తకాల్లో ఆయన ఎవరికీ పోట్లాట నేర్పలేదు. షావోలిన్ సన్యాసులకు వ్యాయామం నేర్పాడన్న కథ 17వ శతాబ్దపు పుస్తకంతో మొదలైంది. అంటే వెయ్యేళ్ల తర్వాత. పరాయి ఇంటి నగ తెచ్చి మనదని పెట్టుకోవడం ఎందుకు? మన పెట్టెలో ఏముందో ముందు చూద్దాం.

ముందు మాటలు

భాష నేర్చుకునేవాళ్లం కాబట్టి మాటలతో మొదలుపెడతాను.

"సాము" అంటే ఒళ్లు వంచి చేసే అభ్యాసం. కర్రతో చేస్తే కర్రసాము, కత్తితో చేస్తే కత్తిసాము. "కత్తి మీద సాము" అనే జాతీయం మీరు వార్తల్లో వినే ఉంటారు. ఏమాత్రం తప్పినా ప్రమాదమైన పని అని అర్థం. సాము నేర్చుకునే చోటుని పాత తెలుగులో "గరిడి" అన్నారు. దీన్ని "గారడి"తో కలపకండి. గారడి అంటే మ్యాజిక్.

తర్వాత పర్షియన్, అరబ్బీ మాటలు వచ్చాయి. "కుస్తీ" పర్షియన్ నుంచి వచ్చింది. "వస్తాదు" అంటే ఉస్తాద్, గురువు. తెలుగులో అదే మాట బలమైన మనిషికీ వాడతారు. "తాలింఖానా" అంటే నేర్పే ఇల్లు. తాలీమ్ అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. మన కోస్తా ఊళ్లలో ఈ మాట ఇప్పటికీ ఉంది. హైదరాబాదులో తాలీమ్ అంటారు.

ఒక్క విద్యకి ఇన్ని మాటలు ఉన్నాయంటే, ఆ విద్య అన్ని కాలాల్లోనూ బతికే ఉందని అర్థం.

రాయలవారి తెల్లవారుజాము

సుమారు 1520లో దొమింగో పేస్ అనే పోర్చుగీసు మనిషి విజయనగరం వచ్చాడు. (ఇది హంపి విజయనగరం. ఉత్తరాంధ్రలో ఉన్న విజయనగరం వేరు.) శ్రీకృష్ణదేవరాయలు రోజూ ఏం చేసేవారో అతను రాశాడు. తెల్లవారకముందే రాయలవారు నువ్వుల నూనె తాగేవారు. ఒంటికి నూనె పట్టించుకునేవారు. గోచీ బిగించి, మట్టితో చేసిన బరువులు ఎత్తేవారు. నూనె అంతా చెమటగా కారేదాకా కత్తి తిప్పేవారు. తర్వాత ఒక మల్లుడితో కుస్తీ పట్టేవారు. ఆ తర్వాత గుర్రం ఎక్కి తిరిగేవారు. ఇదంతా పొద్దు పొడవక ముందే!

ఆముక్తమాల్యద రాసిన చెయ్యి, కుస్తీ పట్టిన చెయ్యి ఒకటే. చదువుకున్నవాళ్లకి ఒళ్లు వంచే పని ఎందుకు అనే ఆలోచన మనకి తర్వాత వచ్చింది.

మహానవమి ఉత్సవాల్లో జరిగిన కుస్తీ గురించి కూడా పేస్ రాశాడు. పళ్లు రాలేలా, కళ్లు పోయేలా దెబ్బలు ఉండేవట. కొన్నేళ్ల తర్వాత వచ్చిన నూనిజ్, మల్లులు చేతుల్లో మొనలున్న కడియాలు పట్టుకుని కొట్టుకునేవారని రాశాడు. ఇలాంటి పోరునే "వజ్రముష్టి" అంటారు. మైసూరు దసరాలో దీని ఆనవాలు ఇప్పటికీ ఉంది. రక్తం చుక్క కనపడగానే పోటీ ఆపేస్తారు.

జెట్టీలు

మైసూరులో వజ్రముష్టి ఆడేవాళ్లని జెట్టీలు అంటారు. తెలుగులో "జగజెట్టి" అనే మాట ఇంకా వాడుకలో ఉంది. జెట్టి అనే మాట పాతది. చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో మల్లుల్లో పై తరగతి వాళ్ల పేరు జ్యేష్ఠికులు.

1909లో థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి దక్షిణ భారత కులాల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో జెట్టీలను తెలుగు కులమని రాశాడు. కుస్తీ వాళ్ల వృత్తి. తంజావూరులో తమిళుల మధ్య ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. తెలుగు జిల్లాల్లో నరాల నొప్పులకి మర్దనా చేసి, లేపనాలు రాసి బాగుచేసేవారు.

ఈ రెండు విషయాలు నాకు చాలా నచ్చాయి. మొదటిది, ఒంటిని విరగ్గొట్టడం తెలిసినవాడికే బాగుచెయ్యడం కూడా తెలుసు. రెండోది, వేరే భాష మధ్య బతుకుతూ తెలుగు ఉంచుకున్నారు. అంటే వాళ్లూ మనలాంటి ప్రవాసులే.

ఫిరంగి వచ్చాక

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం రాజు విజయరామరాజు పక్కన ఫ్రెంచి సేనాని బుస్సీ ఉన్నాడు. అతని దగ్గర ఫిరంగులు ఉన్నాయి. ఫిరంగి అంటే పెద్ద తుపాకి బండి. బొబ్బిలివాళ్ల కత్తిసాముకి పేరుంది, కానీ కోట గోడలు కూలిపోయాయి. శత్రువు చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్లనీ పిల్లలనీ వాళ్లే చంపుకున్నారు. తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రిపూట గుడారంలో దూరి విజయరామరాజుని చంపాడు. బుర్రకథల్లో ఇది వీరత్వం. చరిత్రలో ఇంకో సంగతి కూడా ఉంది: ఆ రోజుకే కత్తి కాలం అయిపోతోంది.

ఇంగ్లీషువాళ్ల పాలన స్థిరపడ్డాక జమీందార్లకి సైన్యం అక్కర్లేదు. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది, లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోకూడదు. మరి సాము ఎక్కడికి పోయింది? పండగలోకి పోయింది.

దసరాకి అమలాపురం వెళ్తే "చెడీ తాలింఖానా" చూడొచ్చు. 19వ శతాబ్దం నుంచి వస్తున్న ఆచారం. వీధుల వాళ్లు వాహనాలు ఊరేగిస్తూ కర్రలు, కత్తులు తిప్పుతారు. కళ్లకి గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటిమీద పెట్టిన కూరగాయని కత్తితో రెండు ముక్కలు చేస్తారు. పల్నాడులో కారంపూడి వెళ్తే వీరుల గుడిలో ఆయుధాలకి పూజ చేస్తారు. యుద్ధం పోయినా ఆయుధం దేవుడి దగ్గర మిగిలింది.

కోడి రామ్మూర్తి

ఆ తర్వాత కాలానికి ఒక్క మనిషిని చూస్తే చాలు. కోడి రామ్మూర్తి నాయుడు 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పెరిగారు, కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తర్వాత సొంత సర్కస్ పెట్టారు. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసు తెంచేవారు. గుండె మీద ఏనుగుని ఎక్కించుకునేవారు. మాంసం ముట్టేవారు కాదు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులీస్ అని పేర్లు వచ్చాయి. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో పోయారు.

సర్కస్ అంటే చులకనగా చూడకండి. ఇంగ్లీషువాళ్లు మనల్ని బలం లేని జాతి అనే రోజులవి. టికెట్టు కొని చూసిన ప్రతి మనిషీ ఆ మాట అబద్ధమని కళ్లారా చూసి ఇంటికి వెళ్లాడు.

మరి ఏది గొప్ప?

నా అభిప్రాయం చెప్తాను. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ప్రతి విద్యా ఒక అవసరం కోసం పుట్టింది. కత్తిసాము యుద్ధభూమి కోసం. కర్రసాము పొలానికి రాత్రి కాపలా వెళ్లే రైతుకి కూడా పనికొచ్చింది. కుస్తీ మట్టి గోదాలో ఇద్దరు మనుషుల మధ్య తేల్చుకోవడం కోసం. వీటిని ఒకదానితో ఒకటి పోల్చడం గరిటెనీ కత్తిపీటనీ పోల్చడం లాంటిది.

అయినా ఒకటి ఎంచుకోమంటే నేను కుస్తీ అంటాను. ఎందుకంటే ఎదుటివాడు ఊరికే నిలబడడు. నీ పట్టు సరిగ్గా లేకపోతే వెంటనే తెలుస్తుంది. పండగలో కత్తి తిప్పడానికి చాలా నేర్పు కావాలి, కానీ అక్కడ ఎదురు తిరిగేవాడు లేడు.

కరాటే గొప్పతనం వేరే చోట ఉంది. అది నేర్పే పద్ధతిలో ఉంది. ఏ బెల్టుకి ఏం రావాలో కాగితం మీద ఉంటుంది. ఒక ఊళ్లో ఆపి ఇంకో ఊళ్లో మొదలుపెట్టొచ్చు. మన సాము గురువు నోట్లో, చేతిలో ఉండిపోయింది. గురువు పోతే విద్య పోయింది. పైగా తాలింఖానా తలుపు ఆడపిల్లలకి చాలావరకు మూసే ఉండేది. ఆ తలుపు తీస్తే ఏం జరుగుతుందో మనకి ఇప్పుడు తెలుసు. రామ్మూర్తిగారి ఉత్తరాంధ్ర నుంచే, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం తెచ్చింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది.

కెనడాలో జపాన్‌వాళ్లు

ఇక్కడి కథ ఒకటి చెప్పాలి. షిగెతకా ససాకి అనే జపాన్ ఆయన 1924లో వాంకూవర్‌లో జూడో స్కూలు పెట్టారు. 1930ల్లో కెనడా పోలీసులు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1942లో ప్రభుత్వం సుమారు 22,000 మంది జపాన్ కెనడియన్లని ఇళ్లలోంచి పంపేసింది. ఇళ్లు, పడవలు, దుకాణాలు పోయాయి. ససాకిగారిని తాష్మే అనే శిబిరంలో పెట్టారు. ఆయన అక్కడ కూడా జూడో నేర్పారు! యుద్ధం అయ్యాక ఆ శిబిరాల వాళ్లు దేశమంతా చెదిరిపోయారు, జూడో వాళ్లతో పాటు దేశమంతా వెళ్లింది. అలాగే చిన్నప్పుడు శిబిరంలో ఉన్న మసామి త్సురుయోకా తర్వాత జపాన్‌లో కరాటే నేర్చుకుని, 1950ల చివర్లో టొరంటోలో స్కూలు తెరిచారు. మన పిల్లలు ఈరోజు కరాటే నేర్చుకుంటున్నారంటే, ఆ దారి వేసింది వీళ్లే.

అన్నీ పోగొట్టుకున్నవాళ్లు విద్యని పోగొట్టుకోలేదు. మన దగ్గర్నుంచి ఎవరూ ఏమీ లాక్కోలేదు. మనం సూట్‌కేసులో పచ్చళ్లు తెచ్చుకున్నాం, కర్రసాము తెచ్చుకోలేదు. అంతే తేడా.

కాబట్టి పిల్లలూ, కరాటే మానకండి. బాగా నేర్చుకోండి. ఈ వేసవిలో ఇండియా వెళ్తే మాత్రం ఒక పని చెయ్యండి. మీ ఊళ్లో తాలింఖానా ఎక్కడ ఉండేది, వస్తాదు ఎవరు, మొదటి అడుగు ఎలా వేయించేవారు అని అమ్మమ్మనీ తాతయ్యనీ అడగండి. కర్ర తిప్పడం తెలిసిన పెద్దాయన కనపడితే "కొంచెం చూపిస్తారా అండీ" అని అడిగి ఫోన్‌లో వీడియో తియ్యండి. చేతులే కాదు, కాళ్లు కూడా కనపడేలా తియ్యండి. సాములో అసలు విద్య కాళ్లలోనే ఉంటుంది.

తిరిగి వచ్చాక ఏం విన్నారో తెలుగులోనే రాసి పంపండి. తప్పులు ఉన్నా పరవాలేదు, కలిసి దిద్దుకుందాం.