సర్కారు సాయం – ఓటు అనే అమానత్

జకాత్ ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడి నుంచి ప్రతిఫలం కోరరాదని మన పెద్దలు చెబుతుంటారు. సర్కారు సాయానికి మాత్రం ఓటు రూపంలో ప్రతిఫలం అడగడం ఆనవాయితీ అయిపోయింది. అది ఎట్లా పెరిగిందో కొంచెం వెనక్కి తిరిగి చూద్దాం.

1983 జనవరి ఎన్నికలకు ముందు ఎన్.టి. రామారావు కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తానన్నారు. అధికారంలో ఉన్న కాంగ్రెస్ 1.90కే ఇస్తామని ముందుకొచ్చింది. అయినా జనం రామారావునే గెలిపించారు. ఆయన మాట నిలుపుకున్నారు. 1996లో చంద్రబాబు ప్రభుత్వం ఆ ధరను 3.50కి పెంచింది. 2008లో, ఎన్నికలకు ఏడాది ముందు, రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి రెండు రూపాయలు చేసింది. పేదవాడి ఆకలి మారలేదు, ధరే మారుతూ వచ్చింది.

ఇక మన కరీంనగర్ సంగతి. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గరి శాలపల్లిలో కె. చంద్రశేఖరరావు రైతుబంధు ప్రారంభించారు. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. అదే డిసెంబరులో ఎన్నికలు, ఘన విజయం. 2021 ఆగస్టు 16న అదే శాలపల్లిలో దళితబంధు, కుటుంబానికి 10 లక్షలు. అప్పటికే హుజూరాబాద్ ఉపఎన్నిక ముంగిట ఉంది. అక్టోబరులో ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. చివరికి గెలిచింది ఈటల రాజేందర్. డబ్బు పడ్డంత మాత్రాన ఓటు పడదని కరీంనగర్ జనం చూపించారు. ఆదిలాబాద్‌లో ప్రతిపక్షమూ ఊరుకోలేదు. 2021 ఆగస్టు 9న ఇంద్రవెల్లిలో కాంగ్రెస్ దళిత గిరిజన దండోరా సభ పెట్టింది.

మన మాటకొస్తే, 2014లో 51,000తో మొదలైన షాదీ ముబారక్ 2018 ఎన్నికల ఏడాదికి 1,00,116 అయింది. మైనారిటీలకు లక్ష రూపాయల సాయం 2023 ఎన్నికలకు కొద్ది నెలల ముందు వచ్చింది. వీటితో ఎందరో ఆడపిల్లల తండ్రుల బరువు తగ్గింది, కాదనలేం. కానీ 4 శాతం రిజర్వేషన్ కథ వేరు. అదీ 2004 ఎన్నికల వాగ్దానమే, అయితే 2007లో చట్టమైంది. 2010లో హైకోర్టు కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. చట్టం కాబట్టే కోర్టులో దాని పక్షాన వాదించడానికి వీలైంది. జీవోతో వచ్చిన సాయం ఇంకో జీవోతో పోతుంది.

కాబట్టి సోదరులారా, వచ్చిన సాయం తీసుకోండి, సిగ్గుపడే పని లేదు, అది మన పన్నుల సొమ్మే. కానీ ఓటు అడగడానికి వచ్చినవారిని ఒక్క మాట అడగండి: "దీన్ని చట్టం చేస్తారా?" ఓటు మన దగ్గరున్న అమానత్. అమానత్‌ను అమ్ముకోరాదు.