కోకాపేట వైకుంఠపాళి

గేమ్ జామ్ కోసం 48 గంటల్లో చేసిన నా చిన్న ఆటకి బోర్డు కోకాపేట. ఇక్కడి నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కాలంటే పుణ్యం కావాలి. ఇక్కడ ముందే కొనుంటే చాలు.

భూమి మీద ఇలాంటి ఆట పాతదే. అద్దెలతో ఒకరు బలిసి మిగతావాళ్లు ఎలా చితికిపోతారో చూపించడానికి అమెరికాలో లిజ్జీ మెగీ 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' తయారుచేసి, 1904లో పేటెంట్ పొందింది. సంపద అందరికీ పంచే రూల్స్ కూడా తర్వాత రాసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ మార్కెట్లోకి తెచ్చిన మోనోపొలీలో ఆ రూల్స్ లేవు. పేటెంట్‌కి ఆవిడకి ముట్టింది 500 డాలర్లు. (ఆవిడా తొందరగా అమ్మేసిన మనిషే!)

నా ఆటలో మొదట భూమి అమ్మిన రైతు బోర్డు మీదే ఉంటాడు. గవ్వలు మాత్రం మళ్లీ అతని చేతికి రావు. ఆడిచూసిన ఇద్దరు ఫ్రెండ్స్ అది బగ్ అనుకున్నారు.