చెరిపి వ్రాయు డిస్కు

పలక మీద వ్రాసినది తుడిచి మరల వ్రాయుట బడిపిల్లలందరును ఎరిగినదే. 1999 డిసెంబరులో పయొనీరు సంస్థ జపానులో డి.వి.డి. రికార్డరును అమ్మకమునకు పెట్టినప్పుడు, వీడియో టేపునకు బదులుగా ఇట్టి పలకయే ఇంటికి వచ్చినట్లు తోచినది. ఒక్కొక్క ఆర్.డబ్ల్యు. డిస్కు మీద సుమారు 1000 మార్లు చెరిపి వ్రాయవచ్చునని తయారీదారులు చెప్పుచుండిరి. ఆ సంఖ్యను నమ్మి నేనును ఒకసారి నష్టపోయితిని. ఆ సంగతి చివర చెప్పెదను.

ఈ పలకకు మూలము 1968లో ఉన్నది. కళాశాల చదువు లేని అమెరికను శోధకుడు స్టాన్‌ఫోర్డు ఆవ్‌షిన్‌స్కీ, టెల్లూరియము మొదలైనవి కలిసిన గాజువంటి పదార్థములు విద్యుత్తు వలన ఒక స్థితినుండి మరొక స్థితికి పోయి తిరిగి రాగలవని ఆ సంవత్సరము ప్రకటించెను. 1971లో అతడును సహచరులును లేసరు కాంతితోను ఇదే పని జరుగునని చూపిరి. 1980ల దశకములో జపానులోని మత్సుషిత సంస్థలో నొబోరు యమద బృందము జెర్మేనియము, ఆంటిమొనీ, టెల్లూరియముల మిశ్రమముతో ఈ మార్పును మిక్కిలి వేగవంతము చేసినది.

పంచదార పాకమును హఠాత్తుగా చల్లార్చినచో గాజువలె బిగియును. నిదానముగా వదలినచో పలుకులు కట్టును. డిస్కులో జరుగునదియు ఇట్టిదే. తీవ్రమైన లేసరు స్పందన పొరను సుమారు 600 డిగ్రీల వద్ద కరిగించును. అది తక్షణమే చల్లారి స్ఫటికములు లేని మసకచుక్కగా నిలుచును. అంతకన్న తక్కువ వేడి తగిలినచో మరల స్ఫటికమై మెరయును. ఆ మెరుపైనను తనపై పడిన కాంతిలో 18 నుండి 30 శాతము మాత్రమే వెనుకకు పంపును. అచ్చువేసిన ఒంటిపొర సినిమా డిస్కు 45 శాతమునకు తక్కువ కాకుండ పంపును. కొన్ని పాత ప్లేయర్లు ఈ డిస్కులను చదువలేకపోవుటకు ఇది ముఖ్యకారణము.

వ్రాసిన ప్రతిమారును పొర కరగవలసినదే. కరిగినది కొంచెము కొంచెముగా జరుగును. దానికి ఇరువైపుల నున్న రక్షకపొరలు అలసిపోవును. గీతలు, వ్రేలిముద్రలు, ఎండ వీటికి తోడు.

అయినను ఈ అరుగుదల మనకు కనబడదు. 1960లో రీడ్, సోలమన్ అను గణితజ్ఞులు కనుగొనిన దోషసవరణ పద్ధతి దానిని కప్పివేయును. డిస్కులో 182 బైట్ల వరుసకు 10 బైట్లు కాపలా. అవి వరుసలో 5 తప్పుల వరకు పట్టి దిద్దగలవు. నిలువు వరుసలకు వేరే కాపలా కలదు. కనుక తప్పులు లేని డిస్కును, వరుసకు నాలుగు తప్పులున్న డిస్కును తెరమీద పోల్చిచూచిన భేదమే తెలియదు. టేపు అరిగిన చుక్కలు, గీతలు ముందుగా హెచ్చరించెడివి. డిస్కులో హద్దు దాటిన క్షణమున 32 కిలోబైట్ల ఖండము మొత్తము పోవును. వీడియోలో చాల చిత్రములు తమ పొరుగు చిత్రములను ఆధారము చేసికొనునవి గనుక, ఆపై బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదరును.

1998లో వచ్చిన డి.వి.డి. ర్యామ్ డిస్కునకు లక్షమార్లు వ్రాయవచ్చునని ప్రకటించిరి. చెడిన చోటును విడిచి వేరొక చోట వ్రాయు ఏర్పాటు దానిలో కలదు. నా అభిప్రాయములో అదియే వీటిలో మేలైనది. కాని సామాన్య ప్లేయర్లు చాలవరకు దానిని చదువలేదు. ఇండ్లలో అది నిలువలేదు.

ఇక నా సంగతి. మా అక్క పెండ్లి వీడియోను, అంతకుముందు ఎన్నో సినిమాలు వ్రాసి చెరిపిన డిస్కు మీదికే ఎక్కించితిని. వ్రాసినది సరిగా ఉన్నదో లేదో పోల్చిచూడుమని కంప్యూటరు అడిగినప్పుడు, ఆలస్యమగునని వద్దంటిని. ఆ రాత్రి అందరము చూచితిమి, ఏ లోపమును లేదు. ఏడాది తరువాత సరిగా తలంబ్రాల వద్ద బొమ్మ ఆగిపోయినది. వేరొక డ్రైవులో ఆ తరువాతి భాగము కొంత వచ్చినది. తలంబ్రాలు మాత్రము రాలేదు. టేపుమీద అప్పటికే మరొకటి రికార్డు చేసియుంటిమి.