ఊట నీళ్ళ కోసం

వీధి కుళాయి దగ్గర బిందె జరిపితేనే మనకెంత రోషం వస్తుంది! మరి ఊరి ఊటనే పరాయివాళ్ళు ఆక్రమిస్తే?

పాలస్తీనాలో నబీ సాలెహ్ అనే పల్లెలో అదే జరిగింది. 1967 నుంచి ఆ ప్రాంతం ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంది. 2009లో ఎదుటి వలస కాలనీవాళ్ళు ఊట స్వాధీనం చేసుకుంటే, ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం ఊరేగింపు తీశారు.

వాటిలో పెరిగిన పిల్లే అహెద్ తమీమీ. 2017 డిసెంబరులో బంధువుల కుర్రాడి తలకు తూటా తగిలిందన్న కబురు విన్ననాడు, తమ వాకిట్లో నిలబడ్డ సైనికుణ్ణి చెంపమీద కొట్టింది. అప్పటికామెకు పదహారేళ్ళు. వలసవాళ్ళ పిల్లలకైతే మామూలు కోర్టు. ఈమెకు సైనిక కోర్టు. శిక్ష ఎనిమిది నెలలు. ఆ దృశ్యం చిత్రించిన తల్లి నారీమాన్‌కూ అంతే. అహెద్ జైల్లోనే చదివి స్కూలు ఫైనలు ప్యాసయింది. 2018 జూలైలో తల్లీకూతుళ్ళిద్దరూ విడుదలయ్యారు.

చెయ్యిచేసుకోవడం ఒప్పో తప్పో మీరే ఆలోచించండి. నాకు మాత్రం ఆ తల్లే గుర్తొస్తుంది. వాకిట్లో తుపాకులుంటే బిడ్డను లోపలికి లాక్కోవాలా, పక్కన నిలబడాలా? ఆమె నిలబడింది.